మా తలపై విమానాలు, తెరపై విమానాలు

మారతహళ్ళిలో ఇరవై ముప్ఫై ఏళ్లుగా కాపురమున్న వారికి ఒక అలవాటు వుండేది. మాట్లాడుతూ మాట్లాడుతూ హఠాత్తుగా ఆగిపోయేవారు. తలపైనుండి విమానం వెళ్లిపోయేదాకా నోరు మూసుకొని, చప్పుడు తగ్గగానే ఆపిన చోటనుండే మళ్ళీ అందుకొనేవారు. కొత్తగా వచ్చిన చుట్టాలు ఇదేమి వింత అనుకొనేవారు. 2008వ సంవత్సరం మే 24వ తేదీన ప్రయాణీకుల విమానాలన్నీ దేవనహళ్ళికి తరలిపోయాయి. ఇప్పుడు మా పాత విమానాశ్రయం నుండి లేచేవి చాలావరకు యుద్ధవిమానాలూ, హెలికాప్టర్లూను. అయినా మా అమ్మ ఈనాటికీ చప్పుడు వినబడితే చేతిలో గరిట అలాగే పట్టుకొని నిలబడిపోతుంది.

కొందరు మా ఊరి పేరు హెచ్.ఎ.ఎల్. వారు కట్టిన 'మరుత్' విమానాన్నిబట్టి వచ్చిందంటారు. వినడానికి బాగానే వుంటుంది గాని, నాకు నమ్మకం లేదు. ఊళ్ల పేర్లు విమానాలకంటె పాతవి.

మొన్న ఉగాదికి మా బంధువుల పిల్లలు నలుగురైదుగురు మా ఇంట చేరి, విమానాల సినిమాలలో ఏది గొప్పది అని వాదులాడుకొన్నారు. ఒకడు 'టాప్ గన్' అన్నాడు. ఇంకొకడు 'ఫైటర్' అన్నాడు. మా అమ్మాయి పోయి వాళ్ల తాతగారిని అడిగింది. మా నాన్నగారు హెచ్.ఎ.ఎల్.లో 1966 మొదలు పదవీ విరమణ దాకా విమానాలకు రివెట్లు కొట్టినవారు. ఆయన పేపరు మడిచిపెట్టి, "ఏ సినిమాలో విమానం కట్టేవాడు కనిపిస్తాడో చెప్పండర్రా, అది గొప్పది" అన్నారు. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూచుకొన్నారు. నాకూ వెంటనే ఒక్క పేరు తోచలేదు. ఆ రాత్రి నిద్రపట్టక, చూచిన విమానపు బొమ్మలన్నీ జ్ఞాపకం చేసుకొన్నాను. ఈ వ్యాసం అలా పుట్టింది. నేను పదవతరగతితో చదువు ఆపి, గుమాస్తాగిరీ చేసుకొంటున్నవాణ్ణి. సినిమా పండితుణ్ణి కాను. తప్పులుంటే పాఠకులు మన్నించాలి.

విమానానికీ సినిమాకూ వయస్సులో పెద్ద తేడా లేదు. రెండూ దాదాపు ఒక్క కాలంలోనే పుట్టి, ఒకదానినొకటి చూచి మురిసిపోతూ పెరిగాయి. ఆస్కారు బహుమానాలలో మొట్టమొదట ఉత్తమ చిత్రంగా ఎన్నికైనది 1927 నాటి 'వింగ్స్' అనే మూకీ చిత్రం. అది మొదటి ప్రపంచయుద్ధపు వైమానికుల కథ. దాని దర్శకుడు విలియం వెల్‌మన్ ఆ యుద్ధంలో స్వయంగా విమానం నడిపినవాడు. మేఘాలు లేకపోతే వేగం తెలియదని, మబ్బులు పట్టేదాకా షూటింగు ఆపి కూర్చొన్నాడట. విమానానికే కెమెరా బిగించి, నటులను నిజంగానే పైకి పంపారు. తొంభై అయిదేళ్ల తరువాత, 2022లో 'టాప్ గన్: మావరిక్' తీసినవారూ అదే పని చేశారు. నటులను నిజమైన నౌకాదళ విమానాల వెనుక సీట్లలో కూర్చోబెట్టి త్రిప్పారు. ఇన్ని యంత్రాలూ ఇన్ని మాయలూ వచ్చిన తరువాత కూడ, మనిషి ముఖం మీద ఆ ఒత్తిడి నిజంగా పడితేగాని ప్రేక్షకుడు నమ్మడు కాబోలు.

1952లో డేవిడ్ లీన్ తీసిన 'ది సౌండ్ బ్యారియర్' అని ఒక ఇంగ్లీషు బొమ్మ వుంది. ధ్వనివేగాన్ని దాటడానికి ప్రాణాలొడ్డే పరీక్షా పైలట్ల కథ. ధ్వనివేగం దగ్గర మీటలను తిరగవేసి నడపాలని అందులో చూపించారు. అది శుద్ధ అబద్ధం. అప్పటికి అయిదేళ్ల క్రితమే, 1947 అక్టోబరు 14న అమెరికాలో చక్ యీగర్ ఆ వేగాన్ని దాటనే దాటాడు. అయినా ఆ చిత్రం నాకిష్టం. కొత్త విమానాన్ని మొదటిసారి పైకి లేపేవాడు ఎలాంటివాడు, వాడి ఇంట్లో ఆడవాళ్లు గడియారం వైపు ఎలా చూస్తారు అన్నది అందులో వుంది. ఇలాంటి మనుష్యుని గురించే క్రింద మళ్ళీ చెపుతాను, అతడు మా వీధి ప్రక్కవాడు.

మన దేశపు చిత్రాలలో పైలట్ చాలాకాలం ఒక అందమైన యూనిఫారం మాత్రమే. 1969 నాటి 'ఆరాధన'లో రాజేశ్ ఖన్నా వైమానిక దళంలో అధికారి. పాట పాడి, పెళ్ళి చేసుకొని, విమాన ప్రమాదంలో చనిపోతాడు. తరువాత కథంతా షర్మిలా టాగూరుది. ఆ కథనే 1974లో శోభన్‌బాబు, వాణిశ్రీలతో 'కన్నవారి కలలు' అని తెలుగులో తీశారు. మా అమ్మ ఆ బొమ్మను ఎన్నిసార్లు చూచిందో లెక్కలేదు. విమానం గురించి అందులో ఏముందమ్మా అంటే, "విమానం పోయాక ఇంట్లో ఏముంటుందో అది వుంది" అంటుంది. నాకు జవాబు తోచదు.

పైలట్ ఎలా తయారవుతాడన్నది నేను చూచినంతలో కొంచెం శ్రద్ధగా తీసినది 'విజేత'. తెలుగు 'విజేత' కాదు సుమా, 1982లో శశి కపూర్ నిర్మించగా గోవింద్ నిహలానీ దర్శకత్వం వహించిన హిందీ చిత్రం. శశి కపూర్ కుమారుడు కునాల్ అందులో నాయకుడు. ఏం కావాలో తేల్చుకోలేని కుర్రవాడు మిగ్ విమానం నడిపేవాడవుతాడు. అతని భయం కూడ చూపించారు. తరువాత వచ్చిన 'బార్డర్' (1997)లో విమానాలు కాసేపే వస్తాయి. కాని వాటికోసం ఎదురుచూపే ఆ బొమ్మకు ప్రాణం. రాత్రిపూట హంటర్ విమానాలు పోరాడలేవు. కనుక లోంగేవాలాలో కాల్బలం తెల్లవార్లూ నిలదొక్కుకోవాలి. ఆకాశంలో సూర్యుడెప్పుడు వస్తాడా అని హాలంతా ఊపిరి బిగబట్టడం నాకు జ్ఞాపకం.

మణిరత్నం 'చెలియా' (2017), వరుణ్ తేజ్ నటించిన 'ఆపరేషన్ వాలెంటైన్' (2024) తెలుగులో చూచినవే. మొదటి దానిలో మంచు కొండలు బాగున్నాయి, నాయకుని స్వభావం బాగులేదు. రెండవది బాలాకోట్ దాడి నేపథ్యంలో నడుస్తుంది. విమానాలు చాలా వున్నాయి, మనుష్యులు తక్కువ. నాగార్జున 'గగనం' (2011)లో హైజాక్ అయిన విమానం తిరుపతిలో దిగుతుంది. చప్పుడు తక్కువ, బిగువు ఎక్కువ. వీలైతే చూడండి.

విమానపు సినిమాకు ఒక చిక్కు వుంది. ఆకాశానికి పగ వుండదు. ప్రతినాయకుడు లేనిదే కథ నడవదని సినిమావాళ్ల భయం. అందుకని ఎవరినో ఒకరిని పట్టుకొచ్చి దుష్టుణ్ణి చేస్తారు. 2009 జనవరి 15న న్యూయార్కులో పక్షులు తగిలి రెండు ఇంజన్లూ ఆగిన విమానాన్ని సలెన్‌బర్గర్ అనే కెప్టెన్ హడ్సన్ నదిలో దింపి, 155 మందినీ బ్రతికించాడు. క్లింట్ ఈస్ట్‌వుడ్ దానిని 2016లో 'సల్లీ'గా తీశాడు. టామ్ హాంక్స్ నటన చెప్పనక్కరలేదు. అందులో గొప్ప విషయం నీటిలో దిగడం కాదు, విచారణ. యంత్రంమీద అభినయించి చూస్తే వెనక్కు తిరిగివచ్చి విమానాశ్రయంలో దిగవచ్చునని తేలుతుంది. మనిషి ఏం జరిగిందో గ్రహించి నిర్ణయించుకొనేందుకు 35 సెకన్లు కలిపి చూస్తే దిగలేడని తేలుతుంది. ఆ 35 సెకన్లలోనే మనిషంతా వున్నాడు. అయితే ఆ బొమ్మలో విచారణాధికారులను కక్షగట్టినవారివలె చూపించారు. మేమలా ప్రవర్తించలేదని వారు నొచ్చుకొన్నారు. మన దేశంలోనూ అంతే. కార్గిల్ యుద్ధంలో చీతా హెలికాప్టర్లు నడిపిన గుంజన్ సక్సేనా కథను 2020లో తీసినప్పుడు, తోటి అధికారులను చిన్నచూపు చూచేవారిగా చూపారని వైమానిక దళం సెన్సారువారికి అభ్యంతరం వ్రాసింది. శ్రీదేవి కూతురు జాన్వీ అందులో నాయిక. చీతాలు మా హెచ్.ఎ.ఎల్.లో తయారైనవే గనుక నాన్నగారు ఆ బొమ్మ చివరిదాకా చూచారు.

ఇక నేను ముఖ్యంగా చెప్పదలచినది 'ఆకాశం నీ హద్దురా'.

అది తమిళంలో 'సూరరై పోట్రు'. 2020 నవంబరులో, కోవిడు మూలాన హాళ్లు లేక, నేరుగా ఇళ్లకే వచ్చింది. దర్శకురాలు సుధ కొంగర మన తెలుగావిడే. సూర్య నాయకుడు, మన మోహన్‌బాబు వైమానిక దళంలో అతని పై అధికారి. జాతీయ బహుమతులలో ఉత్తమ చిత్రం, ఉత్తమ నటుడు, ఉత్తమ నటి వగైరా అయిదు దానికే వచ్చాయి. బొమ్మలో కథ మదురై ప్రాంతంలో మొదలవుతుంది. కాని నిజంగా ఆ కథకు మూలమైన కెప్టెన్ గోపీనాథ్ మన కర్ణాటకలో హాసన్ జిల్లా గొరూరువాడు. వైమానిక దళంలో కాదు, సైన్యంలో పనిచేసినవాడు. బయటికి వచ్చి వ్యవసాయం చేశాడు, పట్టుపురుగులు పెంచాడు, తరువాత హెలికాప్టర్లు అద్దెకిచ్చే సంస్థ పెట్టాడు. 2003 ఆగస్టులో ఎయిర్ డెక్కన్ మొదలుపెట్టాడు. అదంతా జరిగినది మా ఇంటికి నడిచిపోగలిగినంత దూరంలో, పాత విమానాశ్రయంలో. సినిమాలో మదురై అని చూచి మా వీధివారు కొంచెం చిన్నబుచ్చుకొన్నమాట నిజం.

ఆయన చేసినదేమిటంటే విమానాన్ని బస్సులాగ నడపడం. విమానంలో ఒక్కటే తరగతి. ఉచితంగా భోజనం లేదు, నీళ్లు కావాలన్నా కొనుక్కోవాలి. దిగిన విమానం ఎక్కువసేపు ఊరకే నిలబడకూడదు, వెంటనే జనాన్ని ఎక్కించుకొని లేవాలి. పెద్ద విమానాలు దిగలేని చిన్న ఊళ్లకు చిన్న ఏ.టి.ఆర్. విమానాలు. కొన్ని సీట్లు ఒక్క రూపాయికే. ఆర్.కె. లక్ష్మణ్ గీసిన 'సామాన్య మానవుడు' బొమ్మను గుర్తుగా పెట్టుకొన్నారు. ఎదురుదెబ్బలు సినిమాకోసం కల్పించినవి కావు. 2003 సెప్టెంబరులో హైదరాబాదు నుండి విజయవాడకు ప్రారంభించిన విమానానికి బేగంపేటలోనే ఇంజనులో మంటలు లేచాయి. లోపల వెంకయ్యనాయుడు గారూ, కేంద్రమంత్రి రాజీవ్ ప్రతాప్ రూడీ గారూ వున్నారు. అదృష్టవశాత్తు ఎవరికీ ఏమీ కాలేదు. ఇంకొకరైతే ఆ మర్నాడే దుకాణం కట్టేసేవారు. ఆ సంస్థ 2007లో కింగ్‌ఫిషర్ వారి చేతికి పోయింది, 2012లో కింగ్‌ఫిషరే ఎగరడం మానేసింది. సినిమా అంతదాకా పోకుండా గెలుపు దగ్గర ఆగింది. అది సినిమా ధర్మం.

ఆ బొమ్మలో ఒక ఘట్టం వుంది. చూచినవారందరికీ తెలుసు. తండ్రికి ప్రాణం మీదకు వచ్చిందని తెలిసి నాయకుడు విమానాశ్రయానికి పరుగెత్తుతాడు. మామూలు టిక్కెట్లు అయిపోయాయి. పెద్ద తరగతి టిక్కెట్టుకు చేతిలో డబ్బు చాలదు. యూనిఫారం వేసుకొన్న ఉద్యోగి, కనబడిన వారినందరినీ చేయిచాచి అడుగుతాడు. చివరకు ఊరు చేరేసరికి దహనం అయిపోతుంది.

మేము నలుగురం ముందుగదిలో కూర్చొని చూస్తున్నాం. ఆ ఘట్టం వచ్చేసరికి నాన్నగారు లేచి వరండాలోకి వెళ్లిపోయారు. నీళ్లు తాగడానికేమో అనుకొన్నాను. ఎంతసేపటికీ రాలేదు. అమ్మ నావైపు చూచి, వద్దు అన్నట్లు చేయి ఊపింది.

1992లో తెనాలి దగ్గర మా ఊరినుండి టెలిగ్రాం వచ్చింది, మా నాయనమ్మకు బాగులేదని. అప్పటికి నేను బడికి పోతున్నాను. నాన్నగారు షాపునుండి అలాగే, చేతికి గ్రీజుతో వచ్చారు. హైదరాబాదుకు విమానం వుంది. అక్కడనుండి బస్సులో వెడితే తెల్లవారేలోగా చేరవచ్చును. టిక్కెట్టు ఎంతో కనుక్కొని వచ్చి, గోడకానుకొని కూర్చొన్నారు. నెల జీతంలో చాలావరకు పోయేటంత. ఇంట్లో అక్క పెళ్ళికి కూడబెట్టిన డబ్బు వుంది. అది తీయమని అమ్మ అన్నది. ఆయన తీయలేదు. రైలుకే వెళ్లారు. పెద్దకొడుకు కోసం చూచి చూచి, చీకటి పడుతున్నదని మా చిన్నాన్నగారి చేత తలకొరివి పెట్టించేశారు. నాన్నగారు వెళ్లేసరికి బూడిదే. తిరిగివచ్చిన తరువాత ఆయన ఈ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. ఆనాటికి ఇరవైఆరేళ్లుగా విమానాలు కడుతున్న మనిషి ఆయన. అప్పటిదాకా ఒక్కసారీ విమానం ఎక్కలేదు.

సినిమా పూర్తయిన తరువాత వరండాలోకి వెళ్లాను. "ఆ కుర్రవాడు అడిగాడురా. నేను అడగనైనా లేదు" అన్నారు.

సినిమాకు ఇంతకంటె పెద్ద యోగ్యతాపత్రం నేనివ్వలేను. అందులో చివరిభాగం నాటకీయం, పరేశ్ రావల్ పాత్ర మరీ నల్లగా వుంది, అన్నీ ఒప్పుకొంటాను. కాని విమానం ఎక్కేవాడినీ నడిపేవాడినీ కాక, ఎక్కలేనివాడిని చూపిన విమానపు సినిమా అది. ఆ కోవలోనే 2023లో తెలుగులో 'విమానం' అని ఒక చిన్న బొమ్మ వచ్చింది. కాళ్లు లేని తండ్రి, తల్లిలేని కొడుకు. కొడుక్కి విమానమెక్కాలని ఆశ. తండ్రిగా సముద్రఖని నటించాడు. ఏడిపించాలని పట్టుబట్టి ఏడిపించారని నాకు కొంచెం కోపం. మా అమ్మకు లేదు.

నాన్నగారి ప్రశ్నకు మాత్రం ఇంకా జవాబు దొరకలేదు. విమానం కట్టేవాడు తెరమీద ఏడీ? కట్టినదానిని మొదటిసారి ఎగురవేసేవాడైనా ఏడీ? మా ఇంటినుండి పాత మద్రాసు రోడ్డు వైపు వెడితే సురంజన్ దాస్ రోడ్డు వస్తుంది. రోజూ ఆ దారిని పోయే వేలాదిమందిలో ఆ దాస్ ఎవరో తెలిసినవారెందరో! జర్మనీనుండి వచ్చిన కుర్ట్ టాంక్ అనే నిపుణుని నాయకత్వాన హెచ్.ఎ.ఎల్. వారు మరుత్ యుద్ధవిమానాన్ని రూపొందించారు. 1961 జూన్ 17న దానిని మొట్టమొదట ఎగురవేసినవాడు ఈ సురంజన్ దాస్. విమానం రూపు బ్రహ్మాండం, కాని దానికి తగినంత బలమైన ఇంజను దొరకలేదు. ఎక్కడెక్కడో ప్రయత్నించారు, కుదరలేదు. ఉన్న ఇంజనుకే బలం పెంచాలని మార్పులు చేసి, అలా మార్చిన విమానాన్ని పరీక్షిస్తూ 1970 జనవరి 10న దాస్ ఇక్కడే కూలి చనిపోయాడు. అది శనివారం. సోమవారంనాడు షాపులో ఎవరూ గట్టిగా మాట్లాడలేదని నాన్నగారు చెపుతారు. మరుత్ తరువాతి సంవత్సరం 1971 యుద్ధంలో పోరాడింది. మొత్తం కట్టినవి నూటనలభై పైచిలుకు. ఇందులో కథ లేదా? ఇంజను కోసం దేశాలు తిరిగిన ఇంజనీర్లు, మామూలు రివెట్ కుర్రవాళ్లు, ఒక మనిషి ప్రాణం. నాకు తెలిసి దీనిమీద ఇంతవరకు ఒక పెద్ద చిత్రం రాలేదు.

ఆలస్యమైనా కొన్ని కథలు వస్తున్నవి. కొడగువాడైన స్క్వాడ్రన్ లీడర్ అజ్జమాడ దేవయ్య 1965 సెప్టెంబరు 7న సర్గోధా మీద దాడికి వెళ్లాడు. నిజానికి అతనిది అవసరమైతేనే చేరవలసిన అదనపు విమానం. తనకంటె ఎంతో వేగమైన పాకిస్తానీ స్టార్‌ఫైటర్‌ను తన పాత మిస్టేర్ విమానంతో పడగొట్టి, తానూ తిరిగిరాలేదు. ఆ సంగతి మనవాళ్లకు చాలా ఏళ్లు తెలియనే తెలియదు. 1979లో ఒక ఇంగ్లీషు రచయిత పుస్తకంవల్ల బయటపడింది. మహావీరచక్రం 1988లో ఇచ్చారు. 2025 జనవరిలో వచ్చిన 'స్కై ఫోర్స్' ఆ కథే, పేరు మార్చి తీశారు. పేరు మార్చకుండా వుంటే బాగుండేదని నా అభిప్రాయం. అరవై ఏళ్లు ఆగిన మనిషికి తన పేరైనా వుండవద్దా!

నాన్నగారు విమానమెక్కిన సంగతి చెప్పి ముగిస్తాను. 2005లో, ఎయిర్ డెక్కన్‌లో, హైదరాబాదుకు. రూపాయి టిక్కెట్టు మాకు దొరకలేదు, అది ఎదురింటివారికి దొరికింది, ఏడాదిపాటు చెప్పుకొన్నారు. అమ్మ రానన్నది. 1990 ఫిబ్రవరి 14న బొంబాయినుండి వస్తూ ఇక్కడ గోల్ఫు మైదానంలో పడి తొంభైరెండుమందిని పొట్టన పెట్టుకొన్న విమానాన్ని ఆమె మరచిపోలేదు. నేనూ నాన్నగారూ వెళ్లాం. కిటికీ సీటు ఆయనకిచ్చాను. విమానం లేచేటప్పుడు క్రింద మారతహళ్ళి కనబడుతుంది చూడండి, మన ఇల్లు చూడండి అని నేను గోలపెడుతున్నాను. ఆయన క్రిందికి చూడలేదు. రెక్కవైపే చూస్తున్నారు. కొంతసేపటికి నా చేయి తట్టి, "వరుస బాగా కొట్టారు. ఒక్కటీ లేవలేదు" అన్నారు.